వరద ముంపు పంచాయతీలో నర్సు జీతానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

సర్పంచ్ గారికి నమస్కారం. మీరు రాసిన దాని సారాంశం ఇది. శబరి నది ఒడ్డున ఉన్న మీ పంచాయతీకి ఏటా వరదల్లో కొన్ని రోజుల పాటు దారి తెగిపోతుంది. ఇద్దరు డాక్టర్లు ఉండవలసిన పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ వారంలో మూడు రోజులు డెప్యుటేషన్ మీద మరో చోటికి వెళ్తున్నారు. ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసిన ఎంఎల్‌హెచ్‌పీ (డాక్టర్ లేని చోట ప్రాథమిక వైద్యం చూసే మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి) ఉద్యోగం వదిలి పది నెలలైంది. పంచాయతీ ఖాతాలో ఆర్థిక సంఘం నిధులు కొన్ని లక్షలు ఉన్నాయి కాబట్టి వాటితో వరదల నాలుగు నెలలకైనా ఒక నర్సును పెట్టుకోవచ్చా, అది కుదరకపోతే విపత్తు నిధి నుంచి అడగవచ్చా అన్నది మీ సందేహం. వైద్య ఆరోగ్య శాఖలో ప్రణాళిక, పద్దుల పనిలో ఇరవై ఆరేళ్లు గడిపి, అందులో చివరి తొమ్మిదేళ్లు ఏజెన్సీ గిరిజన ప్రాంతంలోనే పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: పెట్టుకోకూడదు. 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు 2021–26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి నిర్దేశిత పనులకు కట్టుబడినవి. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు చేసుకోవచ్చు గాని, జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ వాడకూడదని స్పష్టమైన షరతు ఉంది. ఈ షరతు తెలియక, మంచి ఉద్దేశంతోనే, ఒక పంచాయతీ ఆయమ్మకు ఆరు నెలల జీతం చెల్లించింది. ఆడిట్ అభ్యంతరం వచ్చి ఆ మొత్తాన్ని సర్పంచ్ గారి నుంచి రాబట్టే దాకా వ్యవహారం వెళ్లడం నేను చూశాను. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం మొదలైంది కాబట్టి, మీ ఖాతాలో ఉన్న డబ్బు ఏ విడతకు చెందినదో కార్యదర్శి గారిని అడిగి, ఆ విడత మార్గదర్శకాల ప్రతిని దగ్గర పెట్టుకున్న తరువాతే ఏ తీర్మానమైనా రాయండి.

అదే ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి దేశం మొత్తం మీద 70,051 కోట్ల రూపాయలు ప్రత్యేకంగా సిఫారసు చేసిందన్న మాట మీరు విని ఉంటారు. అది నిజమే. అయితే ఆ పద్దు ప్రధానంగా భవనాలు లేని ఉపకేంద్రాలకూ పీహెచ్‌సీలకూ భవనాలు కట్టడానికి, రోగ నిర్ధారణ సదుపాయాలకు, బ్లాకు స్థాయి ప్రజారోగ్య యూనిట్లకు, ఉన్న కేంద్రాలను వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చడానికి ఉద్దేశించినది. మన వ్యవస్థలో డబ్బు వస్తువును సులువుగా గుర్తిస్తుంది, మనిషిని గుర్తించడానికి మాత్రం తటపటాయిస్తుంది. భవనానికి శిలాఫలకం ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది; నర్సు జీతానికి అవేవీ ఉండవు, పైగా అది ప్రతి నెలా వచ్చి కూర్చునే ఖర్చు. మీ ఊళ్లో రంగులు వేసిన ఉపకేంద్రానికి తాళం ఉండటానికి కారణం ఎవరో ఒకరి నిర్లక్ష్యమే కానక్కరలేదు. భవనం ఒక పద్దు నుంచి, మనిషి మరో పద్దు నుంచి రావడం, ఆ రెండు పద్దులకూ ఒకే క్యాలెండర్ లేకపోవడం అసలు కారణం.

ఇక విపత్తు నిధి సంగతి. 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులన్నిటినీ కలిపి 1,60,153 కోట్ల రూపాయలుగా నిర్ణయించారు. అందులో మనవంటి రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరిస్తాయి. ఈ మొత్తంలో 40 శాతం తక్షణ సహాయానికి, 30 శాతం పునరుద్ధరణకు, 10 శాతం సన్నద్ధతకూ సామర్థ్యం పెంపునకూ, మిగిలిన 20 శాతం విపత్తు ముప్పును ముందే తగ్గించే నిధికి కేటాయించారు. చాలామంది సర్పంచులు మొదటి వాటాను మాత్రమే చూస్తారు, ఎందుకంటే వరద వచ్చిన తరువాత బియ్యం, పప్పు, టార్పాలిన్లు, శిబిరాల ఖర్చు అక్కడి నుంచే కంటికి కనిపిస్తాయి. ఏ వాటా నుంచి కూడా పీహెచ్‌సీలో శాశ్వత పోస్టుకు జీతం రాదు. వరద రోజుల్లో వైద్య శిబిరాలు, మందులు, బ్లీచింగ్, లాంచీలు, బయటి నుంచి వచ్చే బృందాల రవాణా వంటివి వస్తాయి. సన్నద్ధత కోసం పెట్టిన 10 శాతం, ముప్పు తగ్గించే 20 శాతం వరద రాకముందే అడగవలసినవి. వాటి కోసం కింది నుంచి ప్రతిపాదన పైకి వెళ్లడం చాలా అరుదు. నా సర్వీసులో ఒక పంచాయతీ నుంచి అలాంటి కాగితం రావడం రెండుసార్లే చూశాను.

బయటి బృందాల గురించి ఒక అనుభవం చెప్పకపోతే ఈ పద్దుల లెక్క అర్థం కాదు. ఒక వరద ఏడాదిలో, ఒక ముంపు మండలానికి మైదాన ప్రాంతం నుంచి డాక్టర్‌నూ ఇద్దరు నర్సులనూ డెప్యుటేషన్ మీద పంపారు. వారు లాంచీలో చేరేసరికి మూడో రోజు అయింది. మందుల పెట్టెలు నిండుగా ఉన్నాయి, డాక్టర్ గారూ ఓపికగల మనిషి. అయినా ఏ గుంపులో (గూడెంలో) నెలలు నిండిన గర్భిణి ఉందో, ఎవరు టీబీ మందులు మధ్యలో ఆపేశారో, ఎవరికి కోయ తప్ప మరో భాష రాదో ఆ బృందానికి తెలియదు. అవన్నీ తెలిసిన మనిషి ఆశా కార్యకర్త ఒక్కరే. ఆమె అప్పటికి రెండు రాత్రులుగా తన పిల్లలను గుట్ట మీద వదిలి శిబిరాల మధ్య తిరుగుతూ ఉంది. ఆమె నోటు పుస్తకంలో ఉన్న పదకొండు పేర్లు ఆ బృందానికి మందుల పెట్టెల కంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. కాబట్టి వరద కోసం ఒక ప్రణాళిక, ఖాళీల కోసం ఇంకో ప్రణాళిక అని రెండుగా అడగకండి. దారి తెగిన రోజుల్లో ఊళ్లో ఎవరు ఉంటారు, వారిని ఏడాది పొడవునా ఎలా నిలబెట్టుకోవాలి అన్న ఒక్క ప్రశ్న చుట్టూ మీ కాగితాలన్నీ కట్టండి.

మనిషికి డబ్బు ఇవ్వగల దారులు నాకు తెలిసినంతలో మూడే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది జాతీయ ఆరోగ్య మిషన్. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌గా మొదలైన ఈ పథకంలో మనకు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మీ ఎంఎల్‌హెచ్‌పీ పోస్టు, చాలా చోట్ల స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్ల కాంట్రాక్టు పోస్టులు దీని నుంచే వస్తాయి. రాష్ట్రం ప్రతిపాదనల పుస్తకం పంపుతుంది, కేంద్రం దానిని పరిశీలించి ఆమోదపత్రం ఇస్తుంది. 2022 నుంచి ఇది రెండేళ్లకు ఒకసారి జరుగుతోంది. ఆ పుస్తకంలో లేని పోస్టుకు ఎంత మంచి కలెక్టర్ అయినా జీతం ఇప్పించలేరు. ఉన్న పోస్టు ఖాళీ అయితే మాత్రం జిల్లా స్థాయిలోనే నోటిఫికేషన్ ఇచ్చి నింపుకోవచ్చు. కాబట్టి ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇది: మీ ఉపకేంద్రంలో పోస్టు మంజూరై ఖాళీగా ఉందా, లేక పోస్టే లేదా? మీ ఉత్తరంలో ఈ తేడా లేదు. మంజూరై ఖాళీగా ఉన్న పోస్టు కోసం డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) గారి దగ్గరికి వెళ్లాలి. పోస్టే లేకపోతే తర్వాతి ప్రతిపాదనల పుస్తకం తయారయ్యే లోపు వెళ్లాలి. ఈ రెండింటినీ కలిపేసి “సిబ్బంది కొరత తీర్చగలరని ప్రార్థన” అని రాసిన వినతిపత్రాలు ఏ ఫైల్లోకీ చేరకుండా గుట్టగా పడి ఉండటం నా బల్ల మీదే చూశాను. ఆ గుట్టలో నా చేతితో పక్కన పెట్టినవీ ఉన్నాయని ఒప్పుకుంటాను.

జనాభా లెక్క మీ వైపు ఉంది. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం అయితే గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి. పీహెచ్‌సీకి మైదానంలో 30,000, గిరిజన ప్రాంతంలో 20,000. కాని జనాభా అంకె మాత్రమే రాస్తే మీ కాగితం రాష్ట్రంలోని వందల కాగితాల్లో ఒకటి అవుతుంది. గడచిన మూడేళ్లలో దారి తెగిన రోజులెన్ని, ఆ రోజుల్లో పడవలో తరలించిన గర్భిణులెందరు, ఇంటి దగ్గరే జరిగిన కాన్పులెన్ని, పాము కాటు కేసులెన్ని, మీ ఊరి నుంచి దగ్గరి ఆసుపత్రికి మామూలు రోజుల్లో ఎంత దూరం, వరదలో చుట్టూ తిరిగి వెళ్తే ఎంత దూరం అన్నవి రాయండి. ఒక ఏడాది తిరిగివచ్చిన ప్రతిపాదన ఈ అంకెలు చేర్చిన తరువాతి ఏడాది ఆమోదం పొందింది. వాటిని సేకరించింది ఒక ఏఎన్‌ఎం, ఒక అంగన్‌వాడీ టీచర్, ఖర్చు రెండు నోటు పుస్తకాలు.

రెండో దారి ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ. గిరిజన ఉపప్రణాళిక, రాజ్యాంగం 275(1) అధికరణం కింద వచ్చే గ్రాంట్లు ప్రాజెక్టు అధికారి గారి చేతుల మీదుగా ఖర్చవుతాయి. వీటిలో సిబ్బంది క్వార్టర్లకూ, గర్భిణుల వసతి గృహాలకూ సహాయం అడగడం తేలిక. నేరుగా జీతం అడగడం కష్టం. అయితే క్వార్టరును తక్కువగా చూడకండి. ఏజెన్సీలో ఉద్యోగం వదిలి వెళ్లినవారు జీతం తక్కువని మాత్రమే వెళ్లలేదు. రాత్రి కరెంటు లేని, బాత్రూమ్‌కు తలుపు లేని గదిలో ఒంటరిగా ఉండలేక వెళ్లిన అమ్మాయిలు నాకు పదుల సంఖ్యలో తెలుసు. ఇక్కడే మీ పంచాయతీ నిధులు సక్రమంగా ఉపయోగపడతాయి: జీతం ఇవ్వకూడదు గాని, ఉపకేంద్రానికి ఆనుకుని ఉన్న గదికి నీళ్ల ట్యాంకు, తలుపు, సోలార్ దీపం, వరద మట్టానికి పైన గట్టు, గుట్ట వైపు నడిచే దారి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పెట్టుకోవచ్చు. పదకొండో షెడ్యూల్లోని 29 అంశాల్లో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో కూడిన ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఒకటి కాబట్టి, ఇది మీ పని కాదని ఎవరూ అనలేరు.

మూడో దారి జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ఏర్పడిన ఈ నిధి మార్గదర్శకాల్లో, ఆరోగ్యం గురించి చెప్పిన చోట, కేవలం భవనాల మీద కాకుండా వాటిని పనిచేయించడానికి కావలసిన సిబ్బంది, పరికరాలు, సరఫరాల మీద కూడా దృష్టి పెట్టాలని రాసి ఉంది. మనిషిని పేరు పెట్టి ప్రస్తావించిన నిధి నాకు కనిపించినంతలో ఇదొక్కటే. మీకు ఎగువన, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి ఈ నిధి డబ్బుతోనే స్పెషలిస్టులను రప్పించారు. అయితే ఇది గనుల ప్రభావిత ప్రాంతాలకు వర్తించే డబ్బు. మీ పంచాయతీ ఆ జాబితాలో ఉందో లేదో జిల్లా గనుల కార్యాలయంలో అడగండి. లేకపోతే దీని మీద సమయం పెట్టకండి.

విపత్తు కోసం వచ్చిన డబ్బుతో మనుషులను తీసుకుంటే ఏమవుతుందో కోవిడ్‌లో చూశాం. 2020 ఏప్రిల్‌లో ప్రకటించిన 15,000 కోట్ల అత్యవసర ప్యాకేజీతోనూ, 2021 జులైలో ప్రకటించిన 23,123 కోట్ల రెండో విడతతోనూ తాత్కాలిక సిబ్బందిని తీసుకోగలిగారు. ప్యాకేజీ ముగియగానే వారిని నిలబెట్టే పద్దు లేకుండా పోయింది. ఆ రెండేళ్లలో ఆక్సిజన్ లైన్లు చూడటం, అత్యవసర కేసు పట్టుకోవడం నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉన్నారు. నాలుగు నెలలకు ఒక నర్సు అన్న మీ ఆలోచన మీద నాకున్న అసలు అభ్యంతరం కూడా అదే. ఆమె జూన్‌లో వచ్చి అక్టోబరులో వెళ్తుంది. మళ్లీ జూన్‌లో వచ్చేది వేరొకరు, గుంపుల పేర్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

స్థానికులనే తీసుకోవాలని మీరు రాసిన మాట సబబే, కాని చట్టం వైపు జాగ్రత్తగా నడవాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అది టీచర్ల జీవోయే అయినా, నూరు శాతం స్థానికత అని రాసిన ఏ నోటిఫికేషన్‌నైనా కోర్టు ఇప్పుడు అదే కంటితో చూస్తుంది. ఆశా కార్యకర్త విషయంలో ఆ చిక్కు లేదు. ఆమె ఆ ఊరి నివాసి అయి ఉండాలన్నది పథకం నిబంధనే. కాబట్టి మీ పంచాయతీలో ఎక్కడైనా ఆశా ఖాళీ ఉంటే, నర్సు కంటే ముందు దానిని నింపించండి. మీ ఊళ్లో ఇంటర్ చదివిన ఆడపిల్లల్లో ఇద్దరిని నర్సింగులో చేర్పించడానికి ఐటీడీఏ సహాయం అడగండి. ఫలితానికి నాలుగేళ్లు పడుతుంది, అయినా ఏజెన్సీలో నేను చూసిన నిలకడ గల సిబ్బంది అంతా అలా వచ్చినవారే.

సన్నద్ధత వైపు, మీరు ఈ ఏడాదే చేయగలిగినవి ఉన్నాయి. మీ గడియారం భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూశాం. గోదావరి నిండితే శబరి నీరు వెనక్కి తన్నుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. భద్రాచలంలో ఎన్ని అడుగులున్నప్పుడు మీ కల్వర్టు మునుగుతుందో మీ పెద్దలకు తెలుసు. ఆ అంకెను తీర్మానంలో రాయించండి. ఆ అంకెకు ఐదడుగుల ముందే, కాన్పు తేదీ మూడు వారాల్లోపు ఉన్న గర్భిణులు వసతి గృహానికి చేరాలి. బీపీ, షుగర్, టీబీ, మూర్ఛ మందులు వాడేవారికి నెల మందులు ఒకేసారి అందాలి. పాము కాటు విరుగుడు మందు మొదటి మోతాదుకే పది వయల్స్ (చిన్న సీసాలు) దాకా పట్టవచ్చు కాబట్టి, పీహెచ్‌సీలో నాలుగు వయల్స్ ఉన్నాయన్న జవాబుతో తృప్తి పడకండి. మలేరియా కిట్లు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు గుట్ట మీది శిబిరానికి జూన్‌లోనే చేరాలి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏటా వచ్చే 10,000 రూపాయలు చిన్న మొత్తమే గాని, టార్చిలైట్లకూ పడవ కిరాయికీ దాని కంటే త్వరగా చేతికి వచ్చే డబ్బు లేదు.

సన్నద్ధత నిధి నుంచి అడగవలసింది శిక్షణ. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపదమిత్ర పథకం కింద 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు 12 రోజుల చొప్పున శిక్షణ తలపెట్టింది. ఈత, పడవ నడపడం వచ్చిన మీ కుర్రవాళ్లను అటువంటి శిక్షణకు పంపమని కోరండి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షను ప్రకారం, తన సిబ్బందికి శిక్షణ ఉండేలా, సామగ్రి సిద్ధంగా ఉండేలా చూడటం స్థానిక సంస్థ బాధ్యత; కాబట్టి జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ చైర్మన్ హోదాలో ఉన్న కలెక్టర్ గారిని మీరు దయతలచమని అడగడం లేదు, చట్టం మీ మీద పెట్టిన పనికి వనరులు అడుగుతున్నారు. ఉత్తరం ఆ స్వరంలోనే రాయండి.

చివరగా, మీ డాక్టర్ గారి డెప్యుటేషన్. దీనికి ఏ నిధీ అక్కరలేదు. 1996 నాటి పెసా చట్టం, అంటే పంచాయతీ ఏర్పాట్లను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన చట్టం, ఆ ప్రాంతాల్లోని గ్రామసభలకూ పంచాయతీలకూ సామాజిక రంగాల్లోని సంస్థల మీద, ఉద్యోగుల మీద నియంత్రణ అధికారం ఇవ్వాలంటోంది. మన రాష్ట్ర నియమాలు 2011లో వచ్చాయి. పంచాయతీ పాలకవర్గంలో కాకుండా గ్రామసభలో, హాజరు సంతకాలతో, “జూన్ 15 నుంచి అక్టోబరు 15 వరకు ఈ పీహెచ్‌సీ డాక్టర్‌ను డెప్యుటేషన్ మీద ఎక్కడికీ పంపరాదు” అని ఒక్క అంశమే తీర్మానించి, ప్రతులు ప్రాజెక్టు అధికారికీ డీఎంహెచ్‌వోకూ కలెక్టర్‌కూ చేతికి ఇచ్చి రసీదు తీసుకోండి. రోడ్డు, రేషను, పింఛన్లు ఆ తీర్మానంలో కలపకండి; నాలుగు అంశాలున్న తీర్మానం నాలుగు సెక్షన్లకు తిరిగి, తేలేసరికి వరద తగ్గిపోతుంది. మీ పోస్టు మంజూరు వివరం, కల్వర్టు మునిగే అంకె తెలియజేస్తే ఉపకేంద్రం ప్రతిపాదన ముసాయిదా నేను రాసి పంపగలను.